కదలొద్దంటూనే ఓర్చుకోమంటారా?

సిజేరియన్ల లెక్క బయటికొచ్చిన ప్రతిసారీ తప్పు తల్లుల మీదికే పోతుంది. నొప్పులు ఓర్చుకోలేకపోతున్నారట, ముహూర్తాలు చూసుకుంటున్నారట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశ సగటు 21.5. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో ఏకంగా 81.5. ఇదంతా ఆడవాళ్లకు ఓర్పు లేకేనంటే ఎవరు నమ్ముతారు?

లేబర్ రూంలో ఏం జరుగుతుందో కన్నతల్లులను అడగండి. చేతికి సెలైన్ పెట్టి, ఇనప మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దంటారు. నడుం విరిగిపోతోంది, కాసేపు నడుస్తానంటే కసురుతారు. అరిస్తే పడే మాటలు ఇక్కడ రాయలేం. అమ్మేమో గ్రిల్ తలుపు బయట వేణ్నీళ్ల ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంటుంది. గంటల తరబడి అలా నలిగిన పిల్ల 'పెద్దాపరేషన్ చేసేయండి' అని ఏడిస్తే అది ఆమె కోరిక కింద జమ. ఇంతకంటే కపటం ఉంటుందా?

నిలబడితే, అటూ ఇటూ నడిస్తే నొప్పుల తొలి దశ గంటకు పైగా తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. ఇబ్బందులేవీ లేని గర్భిణిని తిరగనివ్వాలని, తోడు మనిషిని ఉంచాలని, అడిగితే ఎపిడ్యూరల్ (నొప్పి తగ్గేందుకు వెన్ను దగ్గర ఇచ్చే మత్తు మందు) ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అంతకుముందే, 2017 డిసెంబరులో, లేబర్ రూములను బాగుచేసేందుకు కేంద్రం 'లక్ష్య' పథకం తెచ్చింది. గౌరవంగా పురుడు పోయాలన్నది అందులోని మాటే. కాగితాల మీద అన్నీ ఉన్నాయి. మంచం దగ్గరే ఏమీ లేదు.

మత్తు డాక్టర్లు చాలరని, ఎపిడ్యూరల్ ఇస్తే కాన్పు ఆలస్యమవుతుందని వైద్యులు అంటారు. కొంత నిజమే. మరి పెద్దాపరేషన్‌కు అర్ధరాత్రయినా వచ్చే మత్తు డాక్టరు, నొప్పి తగ్గించమంటే ఎందుకు రాడు? డబ్బున్నవాళ్లకు 'నొప్పి లేని కాన్పు' ప్యాకేజీ ఎలా దొరుకుతోంది? సరే, ఎపిడ్యూరల్ సంగతి పక్కన పెడదాం. నడవనివ్వడానికి ఏ డాక్టరు కావాలి? అమ్మను లోపలికి రానివ్వడానికి మంచానికో పరదా గుడ్డ కట్టలేరా?

సహజ కాన్పే మేలని గోడల మీద రాయిస్తున్న ఆరోగ్య శాఖ ముందు ఒక లెక్క చెప్పాలి. ఎన్ని లేబర్ రూముల్లో గర్భిణిని నడవనిస్తున్నారు? ఎన్నింటిలో రాత్రిపూట నొప్పి తగ్గించే ఏర్పాటు ఉంది? ఆ లెక్క చెప్పేదాకా తల్లులకు ఓర్పు పాఠాలు కట్టిపెట్టండి.