పారిపోయే జంట ఆగిన చోటే కథ

నేరం చేసి పారిపోయే జంటల అమెరికన్ సినిమా అనగానే తుపాకీ, కారు, వెంటపడే పోలీసులు గుర్తొస్తారు. ఇదంతా పైపై సరంజామా. ఈ కథలు పండేదీ, చప్పబడేదీ ఆ ఇద్దరూ పరుగు ఆపి కాపురం పెట్టబోయిన చోటే.

నికొలస్ రే తీసిన ‘దే లివ్ బై నైట్’ చూడండి. బౌవీ, కీచీ రాత్రివేళ బస్సు దిగి, రోడ్డు పక్కన డబ్బు తీసుకుని పెళ్లిళ్లు చేసే చోట ఒక్కటవుతారు. కొండల్లో చిన్న క్యాబిన్ అద్దెకు తీసుకుంటారు. పోలీసులకంటే ముందు ఆ గుమ్మం తొక్కేది బౌవీ పాత ముఠా మనిషి. ఇంకో బ్యాంకు కొట్టాలంటాడు. ఆ కాపురాన్ని తీరిగ్గా చూపించారు కాబట్టే అతని రాకకు మన గుండె జారుతుంది. ఈ తరహా సినిమాలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే: ఛేజింగ్ పెంచడానికి క్యాబిన్ సీను కోసేస్తారు. ఇక పోయేదేముందని ప్రేక్షకుడు భయపడాలి?

‘గన్ క్రేజీ’ (1950) అంటే అందరూ బ్యాంకు దోపిడీ షాటే తలుచుకుంటారు. కెమెరా కారు వెనక సీటు వదలదు, బ్యాంకు లోపలికి వెళ్లదు. మూడు నిమిషాలకు పైగా కట్ లేదు. కారు ఆపడానికి చోటు దొరుకుతుందా అన్న ఆదుర్దా కూడా మనదైపోతుంది. గొప్ప షాటే, కాదనను. అయితే సినిమాకు ప్రాణం ఆ తర్వాతెప్పుడో వచ్చే ఇంకో సన్నివేశం. మరో పెద్ద దోపిడీ అయ్యాక కొన్నాళ్లు విడివిడిగా ఉందామని ముందే అనుకున్నారు. చెరో కారులో వ్యతిరేక దిక్కులకు బయల్దేరతారు. కాస్త దూరం పోయాక ఇద్దరూ బండి వెనక్కి తిప్పేస్తారు. విడిపోతేనే బతికే వీలుందని తెలిసీ కలిశారు. వాళ్ల చావు ఖాయమయ్యేది అక్కడే, పోలీసు తూటాతో కాదు.

నేరస్తుడు శిక్ష తప్పించుకోకూడదన్న ప్రొడక్షన్ కోడ్ హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలైంది. 1968లో అది పోయి, ఏ వయసువాళ్లు చూడొచ్చో చెప్పే రేటింగులొచ్చాయి. చావు ముగింపు మాత్రం పోలేదు, ఎందుకంటే అప్పటికే అది ప్రేమకథకు అవసరమైపోయింది. ‘బానీ అండ్ క్లైడ్’ (1967) చివరి కాల్పులను ఆర్థర్ పెన్ వేర్వేరు వేగాల్లో తిరిగే నాలుగు కెమెరాలతో తీశాడు. తూటాలకు ముందు ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ లిప్తపాటు లేకుంటే నాలుగు కెమెరాలూ దండగే.

మరి ‘ది గెటవే’ (1972)లో జంట ప్రాణాలతో మెక్సికో ఎలా చేరింది? వాళ్లకు అప్పటికే పెళ్లయింది. మొగుడూపెళ్లాల మధ్య తెగిన నమ్మకం దారిపొడవునా అతుక్కోవడమే ఆ కథ. అతుక్కున్నాక చంపి ఉంటే సినిమా తన మాట తానే తప్పినట్టయ్యేది.