ఎనిమిదిసార్లు తలుపు వేసిన క్వార్టర్ ఫైనల్ గారికి

మహారాజశ్రీ రగ్బీ ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్ గారి దివ్య సముఖమునకు, అమలాపురం నుంచి ఐర్లండు జట్టు అభిమాని ఒకడు నమస్కరించి వ్రాసుకునే విన్నపము.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగవలసిన పని లేదు. నాలుగేళ్లకోసారి ఐర్లండు మీ వాకిట్లోకి వచ్చి ఓడిపోతున్నంత కాలం మీకు వచ్చిన లోటేమిటి?

మొన్న ఆదివారం మధ్యాహ్నం మీ మూలంగా నాకు జరిగిన మర్యాద మీకు తెలియాలి. 2027 అక్టోబరు 1న ఆస్ట్రేలియాలో మొదలయ్యే పోటీలకు 24 జట్ల బలాబలాలు బేరీజు వేసి, ఆరు గ్రూపులనూ ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి రాసి, కొబ్బరి కొట్టు దగ్గర మిత్రుల ముందు పరిచాను. దక్షిణాఫ్రికాతో మొదలుపెట్టి ఇంకా ఇటలీ దాకా రాకముందే మా బావగారు కిళ్లీని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "ఆయ్, అంతా బానే ఉంది గానండీ బావగారూ, మీ ఐర్లండోళ్లకి తిరుగు టిక్కెట్లు క్వార్టర్ ఫైనల్ మర్నాటికే తీసేశారాండీ?" అన్నారు. కొట్టంతా ఘొల్లుమంది. సాయంత్రానికి నా కాగితం బజ్జీల కిందికి పోయింది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడు ఎటకారానికి కోపం తెచ్చుకుంటే ఊళ్లో బతకలేడు కనుక, ఆ కోపాన్ని తమరికే పంపుకుంటున్నాను.

1987 నుంచి 2023 దాకా పది ప్రపంచ కప్పులు జరిగాయి. 1999లోనూ 2007లోనూ మావాళ్లు మీ దాకా రాలేదు, ఆ రెండు పాపాలూ మీ ఖాతాలో వేయను. వచ్చిన ఎనిమిదిసార్లూ మాత్రం మీరు ఒకే పని చేశారు. 1991లో, అదీ డబ్లిన్‌లో, సొంత జనం మధ్య ఆఖరి నిమిషాల్లో ఆధిక్యం సంపాదించినవాళ్లను 19–18తో ఆస్ట్రేలియాకు అప్పగించారు. 2011లో వేల్సు, 2015లో అర్జెంటీనా, 2019లో 46–14తో న్యూజిలాండు. మనుషులు మారారు గానీ తమరి పద్ధతి మారలేదు.

మిగతా జట్లతో మీరెంత మర్యాదగా ఉంటారో నాకు తెలియదనుకోకండి. 2023లో దక్షిణాఫ్రికాను ఫ్రాన్సు మీద 29–28తో దాటించారు. వాళ్లు సెమీఫైనల్లో ఇంగ్లండును 16–15తో, ఫైనల్లో న్యూజిలాండును 12–11తో ఓడించి, మూడు మ్యాచులూ కలిపి మూడే పాయింట్ల తేడాతో నాలుగో కప్పు ఎత్తుకుపోయారు. ఆ ఫైనల్లో మధ్యలో దింపడానికి వాళ్ల బెంచీ మీదున్న ఎనిమిది మందిలో ఏడుగురు ఫార్వర్డ్లే, అంటే తోపులాటకు దిగే భారీ మనుషులే. ఇరుజట్లూ తలలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో అలసినవాళ్ల మీదికి తాజా బలగాన్ని మందగా తోలే ఆ బుర్రకు, ఒళ్లు మండుతున్నా, దండం పెట్టాల్సిందే. ఈసారీ వాళ్లే బలవంతులు. ఫ్రాన్సు దగ్గర డ్యూపాంట్ లాంటి మేటి ఆటగాడున్నాడు, మూడు ఫైనల్స్ ఓడిన చరిత్రా ఉంది. ఇంగ్లండు 2003 కప్పును తలుచుకునే ఇన్నాళ్లూ బతికింది. ఆతిథ్యమిచ్చే ఆస్ట్రేలియా పోయినసారి మొదటిసారిగా గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది కనుక, సొంత జనం ముందు దానికి పరువే పెద్ద కప్పు. 2015లో దక్షిణాఫ్రికాను, 2019లో మమ్మల్ని ఓడించిన జపాన్‌ను చిన్న జట్టని ఎవరైనా అంటే వాళ్లకు రగ్బీ తెలియదని అర్థం.

అసలు విషయానికి వస్తాను. 2023లో ఐర్లండు ప్రపంచ నంబర్ వన్‌గా, వరుసగా 17 విజయాలతో మీ దగ్గరకు వచ్చింది. సంక్రాంతి బరిలో కుక్కుట శాస్త్రం తిరగేసి, ఈ జాము డేగది, ఆ జాము కాకిది అని పందెం కాసే పెద్దమనుషులకైనా అప్పుడప్పుడు నాలుగు డబ్బులొస్తాయి; ర్యాంకుల పట్టికను నమ్ముకున్న మాకు ఒక్క సెమీఫైనల్ రాలేదు. పారిస్‌లో న్యూజిలాండుతో ఆ మ్యాచు ముగిసేసరికి ఇక్కడ రాత్రి రెండు దాటింది. ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి, ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నారు కనుక అరవడానికి వీల్లేక తువ్వాలు నోట్లో కుక్కుకుని చూశాను. మా కెల్లెహర్ గోల్ గీత దాటి కూడా బంతిని నేలకు తాకించలేకపోయాడు, కిందికి దూరిన వాళ్ల జోర్డీ బారెట్ అడ్డుపడ్డాడు. 28–24తో వెనకబడిన మావాళ్లు 80 నిమిషాలూ దాటిపోయాక కూడా బంతి వదలకుండా ఒకరి వెనక ఒకరు తలలు వంచి గుద్దుకుంటూ 37 ఫేజుల పాటు (పట్టి పడేసిన ప్రతిసారీ ఒక ఫేజు) ముందుకు నెట్టుకొచ్చారు. బంతిని ఆ గీత అవతల నేలకు తాకించే ట్రై ఒక్కటి చాలు, గెలుపే. అప్పుడు ఆ గుంపులోకి వంగి న్యూజిలాండు ఆటగాడు విట్‌లాక్ బంతి మీద చెయ్యి వేశాడు, ఈల మోగింది. 38 ఏళ్ల మా కెప్టెన్ సెక్స్టన్ ఆట అక్కడితో సరి.

ఏం పోయేది నీకు? 37 సార్లు చూసినవాడివి, ముప్ఫై ఎనిమిదోసారి కళ్లు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? మరుసటి వారం అదే న్యూజిలాండు అర్జెంటీనాను 44–6తో నలిపేసింది. అటువంటి సెమీఫైనల్ చూపించడానికా మావాళ్లను ఆపావు?

పైగా ఈసారి నీకు కొత్తగా ద్వారపాలకుడిని పెట్టారట. గ్రూపుల నుంచి 16 జట్లు ముందుకు వెళ్లి, అందులో గెలిచినవాళ్లే నీ దర్శనానికి రావాలి. మా గ్రూపులో ఉరుగ్వే, పోర్చుగల్, వరుసగా మూడోసారి స్కాట్లండు ఉన్నాయి. మన కలకత్తా క్లబ్బు మూతపడినప్పుడు దాని వెండి రూపాయలు కరిగించి చేసిన కప్పు కోసం ఇంగ్లండుతో ఏటా కొట్టుకునే స్కాట్లండును 2019లో 27–3తో, 2023లో 36–14తో ఓడించాం కనుక దాని గురించి బెంగ లేదు. 2023లో ఫిజీని 24–23తో ఓడించిన పోర్చుగల్ గురించి కొంచెం ఉంది. నాకు అసలు భయం ఆ కొత్త రౌండుతోనే. మావాళ్లు అక్కడే ఓడిపోతే జనం ఆ రౌండును తిడతారు, నువ్వు చేతులు దులుపుకుంటావు. ఆ సుఖం నీకు దక్కనివ్వం. గ్రూపు దాటి, నీ ద్వారపాలకుడిని దాటి, తొమ్మిదోసారి నీ ఎదుటికే వస్తాం. ఎలా ఆపుతావో ఆపు, చూస్తాను.

ఇట్లు,
బావగారి ముందు తల దించుకున్న ఐర్లండు అభిమాని,
అమలాపురం.