ఎక్కడ దిగారు?

తెలుగులో హోటల్ అంటే తినేది, లాడ్జి అంటే పడుకునేది. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టి, పడుకునే చోటుని కూడా హోటల్ అనడం మొదలయ్యాకే మనకీ టెన్షన్ పట్టుకుంది. రాజమండ్రిలో పెళ్లికి మా ఇంట్లో పట్టుచీరలు ఒక్క పూటలో తెమిలాయి. ఊరూరా ఒకే పేరుతో ఉండే చైన్ హోటల్లో దిగాలా, ఊళ్లోవాళ్ల లాడ్జిలోనా అన్నది తేలడానికి మాత్రం పది రోజులు పట్టింది.

చైన్ హోటళ్ల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1951లో కెమన్స్ విల్సన్ అనే మెంఫిస్ పెద్దమనిషి అయిదుగురు పిల్లల్ని కారులో వేసుకుని ఊళ్లు తిరగబోతే, దారిలో మోటళ్లవాళ్లు, అంటే రోడ్డు పక్క బస హోటళ్లవాళ్లు, ఒక్కో బిడ్డకీ విడిగా డబ్బు అడిగారు. ఆయనకి ఒళ్లు మండి, మరుసటి ఏడాదే హాలిడే ఇన్ పేరుతో సొంత హోటల్ తెరిచి, చైన్‌కి శ్రీకారం చుట్టేశాడు. అదే మనవాడైతే పిల్లల వయసు తగ్గించి చెప్పి ఊరుకునేవాడు. ఆ తర్వాత హాలిడే ఇన్ వాళ్లు మా దగ్గర మీకు ఏ వింతా ఎదురుకాదని గొప్పగా ప్రకటనలు కూడా ఇచ్చుకున్నారు.

నిజమే, ఎదురుకాదు. విశాఖలో గది ఎలా ఉంటుందో జైపూర్‌లోనూ అలాగే ఉంటుంది. పరుపు కింద బిగించి దోపిన దుప్పటి లాగేసరికి వచ్చిన నిద్ర కాస్తా పోతుంది. బాత్రూమ్‌కి గాజు గోడ. అత్తగారితో కలిసి వచ్చిన అల్లుడు ఆ గోడ దగ్గర ఏం చెయ్యాలో ఎక్కడా రాసి ఉండదు. బకెట్టు ఉండదు. అడిగితే "హౌస్ కీపింగ్‌కి చెబుతాను సర్" అంటారు, అంతే సంగతులు.

లాడ్జిలో అన్నీ వింతలే. ఫ్యాను స్విచ్ వేస్తే ట్యూబ్‌లైటు వెలుగుతుంది. రిజిస్టర్‌లో "వచ్చిన పని" అని ఒక గడి ఉంటుంది. పెళ్లికని రాస్తే మేనేజరు కళ్లజోడు సవరించుకుని, ఎవరి పెళ్లో, కుర్రాడేం చేస్తున్నాడో కనుక్కుని, సంబంధం మంచిదో కాదో కూడా చెప్పి పంపిస్తాడు. ఏ అయిదు నక్షత్రాల హోటల్లో ఉందండీ ఈ సర్వీసు?

పన్ను సంగతి మా ఆవిడ చూసుకుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే 7,500 గదికి పన్ను 375 రూపాయలు, 7,501 గదికి 1,350. "ఆ ఒక్క రూపాయీ తగ్గించమని చెప్పండి" అంది. ఆర్థిక శాస్త్రం అంటే ఇదే.

అసలు ఏది చైనో ఏది సొంతమో తేల్చడమూ కష్టమే. విశాఖ బీచ్‌లో నొవొటెల్ ఉంది చూడండి, బోర్డు ఫ్రెంచి కంపెనీది, పెట్టుబడి మన వరుణ్ గ్రూపుది. ఇల్లు మామగారిది, ఇంటిపేరు అల్లుడిది. దీన్ని మనవాళ్లు ఏనాడో ఇల్లరికం అన్నారు.

చివరికి చైన్ హోటలే ఖాయం చేశాం. సౌకర్యం కోసం కాదు. పెళ్లిలో "ఎక్కడ దిగారు?" అని అడిగితే ఒక్క మాటలో చెప్పొచ్చు. లాడ్జి అయితే కోటిపల్లి బస్టాండు నుంచి సందులన్నీ లెక్కపెట్టాలి.

రైలు తెల్లవారుజామున దింపింది. హోటల్ వాళ్లు నవ్వుతూ మధ్యాహ్నం 2 గంటలకు రమ్మన్నారు. ముహూర్తం 9కి. ఎదురుగా ఓ లాడ్జి, ఇరవై నాలుగు గంటల చెక్ అవుట్. స్నానాలకని తీసుకున్న గదిలో పొగలు కక్కే బకెట్టు చూశాక మా ఆవిడ ఇంక కదిలితే ఒట్టు. హోటల్ గదికి కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

మండపంలో బావగారు అడగనే అడిగారు. హోటల్ పేరు నలుగురికీ వినబడేలా చెప్పాను. అక్షింతలు వెయ్యడానికి వంగేసరికి జేబులోంచి లాడ్జి తాళంచెవి, దానికి వేలాడే కొబ్బరిచిప్పంత చెక్కదిమ్మతో సహా ఠంగున కింద పడింది. బావగారు తీసి నంబరు చూశారు.

"పన్నెండా? అందులో వేడినీళ్లు బాగా వస్తాయి. మాది పదకొండు."