టెక్సాస్‌కి కదిలిన సామాన్లు, కాలిఫోర్నియా ఖజానా లెక్కలు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవారి జీతం స్లిప్పులో రాష్ట్రం కోసుకునేది అంటే చెప్పుకోదగ్గది వృత్తి పన్ను ఒక్కటే, నెలకు 200 రూపాయలు. ఆదాయపు పన్ను వేసేదీ వసూలు చేసేదీ కేంద్రం. అందుకే పన్ను తగ్గుతుందని హైదరాబాద్ వదిలి పుణేకో బెంగళూరుకో మారినవారు మనకు కనిపించరు. ఎక్కడికి వెళ్లినా శ్లాబులు అవే.

అమెరికాలో కేంద్రానికి కట్టాక రాష్ట్రానికీ కట్టాలి, అదీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. కాలిఫోర్నియాలో పై శ్లాబు 13.3 శాతం. టెక్సాస్‌, ఫ్లోరిడాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. టెక్సాస్ అయితే ఇక ముందు కూడా వేయకుండా 2019లో రాజ్యాంగంలోనే రాసుకుంది. ఈ తేడా చూసే జనం తరలిపోతున్నారని, కాలిఫోర్నియా ఖజానా ఖాళీ అవుతోందని ఏటా వార్తలు వస్తాయి. ఇందులో సగం నిజం. ఆ సగం కూడా జనం అనుకునే చోట లేదు.

ముందు మనవాళ్ల సంగతి. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియా ఊళ్లు ఫ్రీమాంట్, శాన్ హోసేల నుంచి టెక్సాస్‌లో డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లకు మారిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఎందుకు మారారని అడిగితే మొదట వచ్చే జవాబు ‘ఇక్కడ స్టేట్ ట్యాక్స్ లేదండీ’. ఆ మాటను కాగితం మీద పెట్టి చూడండి. భార్యాభర్తల ఆదాయం కలిపి ఏడాదికి 2 లక్షల డాలర్లు ఉంటే, కాలిఫోర్నియాకు కట్టే ఆదాయపు పన్ను 10, 11 వేల డాలర్ల దగ్గర ఉంటుంది. ఫ్రిస్కోలో 6 లక్షల డాలర్లకు ఇల్లు కొంటే, మినహాయింపులు పోగా ఆస్తి పన్ను ఎనిమిది, తొమ్మిది వేలు అవుతుంది. అంటే ఫ్రీమాంట్‌లో అద్దెకుండి ఇక్కడ ఇల్లు కొన్నవారికి పన్నులో మిగిలింది వెయ్యో రెండు వేలో. అసలు లాభం ఇంటి ధరలో ఉంది. ఆ మాదిరి ఇల్లు బే ఏరియాలో 15 లక్షల డాలర్లు దాటుతుంది. నెల నెలా కట్టే ఇంటి వాయిదాలో మిగిలేదాని ముందు పన్నులో మిగిలేది చిల్లర.

ఇంటి ధరలు అంతలా పెరగడంలో కాలిఫోర్నియా చేసుకున్న ఒక పాత చట్టానికీ పాత్ర ఉంది. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 13 ఆస్తి పన్నును కొన్న ధరలో ఒక శాతానికి కట్టేసింది. పన్ను కోసం కట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. ముప్ఫై ఏళ్ల కిందట కొన్న పెద్దాయన, నిరుడు కొన్న పక్కింటి కుర్రాడు ఒకే రకం ఇంటికి ఎన్నో రెట్ల తేడాతో పన్ను కడుతుంటారు. పెద్దాయన ఇల్లు ఎందుకు అమ్ముతాడు? అమ్మకానికి ఇళ్లు రావు, ధరలు దిగవు. ఇంటి మీద రావలసింది అలా పోగొట్టుకున్న రాష్ట్రం ఆ లోటును జీతాల మీద, షేర్ల లాభాల మీద రాబట్టుకుంటోంది. మనవాళ్లు స్టేట్ ట్యాక్స్ అని తిట్టుకునేదాని వెనక నిజానికి ఈ ఆస్తి పన్ను కథ ఉంది.

ఇక ఖజానా. 2022లో కాలిఫోర్నియా నుంచి టెక్సాస్ వెళ్లినవారు లక్షకు పైగా. టెక్సాస్ నుంచి కాలిఫోర్నియా వచ్చినవారు 42 వేల చిల్లర. రిటర్నుల చిరునామాలు చూసి అమెరికా పన్నుల శాఖ ఏటా ఒక లెక్క ఇస్తుంది. దాని ప్రకారం 2021, 2022 మధ్య కాలిఫోర్నియా నికరంగా కోల్పోయిన ఆదాయం దాదాపు 24 బిలియన్ డాలర్లు (బిలియన్ అంటే వంద కోట్లు). ఫ్లోరిడాకు వచ్చి చేరింది 36 బిలియన్లు. అంకె పెద్దదే, కానీ కాలిఫోర్నియన్ల మొత్తం ఆదాయంలో అది ఒక శాతానికి కాస్త అటూ ఇటూ. ఒక్క ఏడాదికి అది దెబ్బే కాదు. ఏటా పోతూ, పోయినవారు తిరిగి రాకపోతే మాత్రం పదేళ్లకు తెలుస్తుంది.

అయినా 2022 మేలో గవర్నర్ గావిన్ న్యూసమ్ చూపిన మిగులు 97.5 బిలియన్ డాలర్లు. ఏడాదిన్నర తిరిగేసరికి శాసనసభ విశ్లేషకుల కార్యాలయం 68 బిలియన్ల లోటు ఉందని చెప్పింది. పద్దెనిమిది నెలల్లో జనమంతా లారీలు ఎక్కేశారా? లేదు. 2022లో టెక్ షేర్లు పడ్డాయి, అంతే. ఆదాయపు పన్నులో దాదాపు సగం పై ఒక్క శాతం మంది దగ్గర నుంచే వస్తుంది. వారి ఆదాయంలో పెద్ద భాగం జీతం కాదు, షేర్లు అమ్మితే వచ్చే లాభం. మార్కెట్ పడితే అమ్మరు, అమ్మకపోతే పన్ను లేదు. పైగా తుపానుల వల్ల ఆ ఏడాది రిటర్నుల గడువు 2023 నవంబర్ దాకా జరిగింది కాబట్టి, ఖజానాకు చిల్లు పడిందని తెలిసేసరికే బడ్జెట్ అయిపోయింది. ఇది ఒంటిస్తంభం మేడ. గాలి ఏ వైపు నుంచి వీచినా ఊగుతుంది.

అందుకే వెళ్లేవారి సంఖ్య కంటే, వెళ్లేది ఎవరు, ఎప్పుడు అన్నదానికే బరువు ఎక్కువ. వాషింగ్టన్ రాష్ట్రాన్ని చూడండి. జీతం మీద పన్ను లేని ఆ రాష్ట్రం 2022 నుంచి పెద్ద షేర్ల లాభాల మీద 7 శాతం పన్ను పెట్టింది. తొలి ఏడాది వచ్చింది 80 కోట్ల డాలర్లకు అటూ ఇటూ. 2023 నవంబర్లో జెఫ్ బెజోస్ సియాటెల్ నుంచి మయామికి మారుతున్నట్టు ప్రకటించారు. తల్లిదండ్రులకు దగ్గరగా ఉండాలని, తన రాకెట్ కంపెనీ పనులు ఫ్లోరిడాకు జరుగుతున్నాయని కారణం చెప్పారు. మరుసటి ఫిబ్రవరిలో సుమారు 8.5 బిలియన్ డాలర్ల అమెజాన్ షేర్లు అమ్మారు. దాని మీద 7 శాతం అంటే 60 కోట్ల డాలర్ల దాకా. ఒక్క మనిషి, ఒక్క నెల అమ్మకం, దాని పన్ను తొలి ఏడాది మొత్తం వసూలులో ముప్పావు వంతుకు దగ్గర. తల్లిదండ్రుల మీద ప్రేమను నేను శంకించను. తేదీలు మాత్రం చాలా చక్కగా కుదిరాయి.

న్యూజెర్సీది ఇంకో కథ. సంపన్నుల పెట్టుబడులు నడిపే హెడ్జ్ ఫండ్ ఒకదాని యజమాని డేవిడ్ టెపర్ ఫ్లోరిడాకు మారారని తెలిసినప్పుడు, 2016లో శాసనసభ ఆర్థిక అధికారి ఒకరు కమిటీ ముందు ఆందోళన పడ్డారు. ఆదాయపు పన్ను అంచనా ఒక శాతం తప్పితే 14 కోట్ల డాలర్లు తేడా వస్తుందన్నారు. ఒక పన్ను కట్టే మనిషి ఇల్లు మారితే రాష్ట్ర బడ్జెట్‌కి టెన్షన్! ఆ టెపర్ 2020లో న్యూజెర్సీకి తిరిగి వచ్చేశారు. వచ్చిన ఏడాదే రాష్ట్రం 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద రేటును 10.75 శాతానికి పెంచింది. పన్ను ఒక్కటే కారణమైతే ఆయన ఆ ఏడాది రావలసిన మనిషి కాదు.

పరిశోధకుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. సామాజిక శాస్త్రవేత్త క్రిస్టోబల్ యంగ్ పన్ను రికార్డులన్నీ వెతికి, కోటీశ్వరులు మామూలు జనం కంటే తక్కువగానే రాష్ట్రాలు మారతారని తేల్చారు. పిల్లల బడి, వ్యాపారం, తెలిసిన మనుషులు వారిని పట్టి ఉంచుతాయి. 2012లో కాలిఫోర్నియా పై రేటు పెంచిన తర్వాతి లెక్కలు చూసిన స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాషువా రా బృందం, అదనంగా రావలసిన రాబడిలో 45 శాతం తొలి ఏడాదే ఆవిరైందని చూపింది. ఇందులో జనం వదిలేసే ముక్క ఒకటుంది: ఆవిరైనదానిలో ఎక్కువ భాగం వెళ్లిపోయినవారి వల్ల కాదు, ఉన్నచోటే ఉండి ఆదాయం తగ్గించి చూపినవారి వల్ల. మసాచుసెట్స్ 2023 నుంచి పది లక్షల డాలర్ల పై ఆదాయం మీద 4 శాతం అదనపు పన్ను వేస్తే, అనుకున్న ఒక బిలియన్ బదులు రెండు బిలియన్ల పైగా వచ్చింది. పన్నులు కోస్తే జనం పరుగున వస్తారని 2012లో నమ్మిన కాన్సస్ 2017లో ఆ కోతలను వెనక్కి తీసుకుంది. నా మట్టుకు నాకు, రేటు ఎంత అన్నదాని కంటే ఆ రేటు ఎంతమంది మీద నిలబడిందన్నదే ఎక్కువ భయపెడుతుంది.

తరలిపోయేవారి స్థానంలో కాలిఫోర్నియాకు ఇన్నాళ్లూ వచ్చి చేరింది బయటి దేశాలవారు. అందులో మన ఎమ్మెస్ పిల్లలు, హెచ్-1బీ ఉద్యోగులు ఉన్నారు. 2023, 2024లలో రాష్ట్ర జనాభా మళ్లీ పెరగడానికి వలసలే ముఖ్య కారణం. 2025 సెప్టెంబర్లో విదేశాల నుంచి తీసుకొచ్చే కొత్త హెచ్-1బీ ఉద్యోగికి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక ఆ తలుపు ఇరుకైంది. టెక్సాస్‌కి పోయే లారీల గురించి రాసేవారు ఈ తలుపు గురించి పెద్దగా రాయరు.

వెళ్లే మనవాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. ఇల్లు మారిన రోజున పన్ను తెగదు. కాలిఫోర్నియాలో ఉండగా ఇచ్చిన కంపెనీ షేర్లు డాలస్‌కి వెళ్లాక చేతికొచ్చినా, ఇచ్చిన నాటి నుంచి చేతికొచ్చిన నాటి దాకా కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల లెక్కన ఆ రాష్ట్రానికి వాటా కట్టాలి. పెద్ద మొత్తాలైతే ఎన్ని రోజులు ఎక్కడున్నారో, డాక్టర్ ఎక్కడ, కారు రిజిస్ట్రేషన్ ఎక్కడ అని తవ్వి చూస్తారు.

2025లో కాలిఫోర్నియాలో ఒక కార్మిక సంఘం ఓటర్ల ముందు పెట్టడానికి కొత్త ప్రతిపాదన తెచ్చింది. బిలియన్ డాలర్లు దాటిన ఆస్తి ఉన్నవారు ఆ ఆస్తిలో 5 శాతం ఒక్కసారికి పన్నుగా కట్టాలి. 2026 జనవరి 1 నాటికి రాష్ట్రవాసి అయితే చాలు, తర్వాత ఎక్కడికి వెళ్లినా కట్టాల్సిందే. ఓటింగ్ కంటే ముందు తేదీ పెట్టారంటే, పరుగు ఎటు ఉంటుందో రాసినవారికి తెలుసన్నమాట. న్యూసమ్ వద్దంటున్నారు. శాసనసభ విశ్లేషకుల కార్యాలయం అంచనా ప్రకారం, దానివల్ల ఒక్కసారికి పదుల బిలియన్ల డాలర్లు రావచ్చు. ఆ తర్వాత ఏటా ఆదాయపు పన్నులో పదుల కోట్ల డాలర్లు, అంతకంటే ఎక్కువ కూడా తగ్గవచ్చు.