దోశె పిండి పోస్తే వాఫుల్ అయిపోదు

మిగిలిన దోశె పిండిలో చెంచాడు తినేసోడా కలిపి వాఫుల్ మేకర్‌లో పోయండి, నూనె చుక్క అక్కర్లేదు, పచ్చ లైటు వెలగ్గానే తీసి డబ్బాలో పెడితే సాయంత్రం దాకా కరకరలాడతాయి. వాట్సాప్‌లో తిరుగుతున్న చిట్కా ఇది. వాఫుల్ అంటే కరెంటు మేకర్‌లో రెండు గళ్ల పలకల మధ్య కాల్చే కరకరలాడే అట్టు. నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో దోశె పిండి ఎప్పుడూ ఉండేదే కాబట్టి బాగా పాకింది. చేసి చూసినవాళ్లు మాత్రం పలకలు గీక్కుంటున్నారు.

ముందు పిండి సంగతి. పెనం మీద దోశె పల్చగా పరుచుకుంటుంది, నీరంతా పైకి పోతుంది, అందుకే కరకరలాడుతుంది. వాఫుల్ మేకర్‌లో అదే పిండి రెండు పలకల మధ్య మందంగా ఇరుక్కుంటుంది. ఆవిరికి పక్కలే దారి. పైన తోలులాంటి పొర, లోపల ఇడ్లీ. ఎర్రకారం పూసుకుంటే తినొచ్చు, కాదనం. కానీ అది వాఫుల్ కాదు.

వాఫుల్‌కు మైదా 150 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 30 గ్రాములు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, పంచదార ఒక టేబుల్‌స్పూన్, ఉప్పు అర టీస్పూన్ కలపాలి. వేరే గిన్నెలో గోరువెచ్చని పాలు 240 మి.లీ., కోడిగుడ్డు ఒకటి, కరిగించిన వెన్న 75 గ్రాములు గిలక్కొట్టాలి. పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే వెన్న గడ్డలుగా తేలుతుంది. పొడిలో తడి పోసి పది పన్నెండు సార్లు తిప్పి ఆపేయాలి. చిన్న ఉండలున్నా ఫరవాలేదు. నున్నగా అయ్యేదాకా తిప్పితే మైదాకు సాగుడు పుట్టి వాఫుల్ రబ్బరవుతుంది. పది నిమిషాలు నాననివ్వాలి.

ఇక సోడా. దానికి పులుపు తోడుండాలి. చెంచాడు సోడాకు సరిపడా పులుపు దోశె పిండిలో ఉండదు. మిగిలిపోయింది సబ్బు రుచినిస్తుంది. పైగా రంగు తొందరగా ముదురుతుంది, ఆ ఎరుపు చూసి కాలిందని తీస్తే లోపల పచ్చి. పాలకు బదులు పుల్ల మజ్జిగ పోసేవాళ్లకైనా పావు టీస్పూన్ సోడా, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ చాలు.

నూనె వద్దనడం మరీ అన్యాయం. కరకరలాడించేదే ఆ వెన్న. పలకలకూ కుంచెతో పల్చగా నూనె రాయాలి. స్ప్రే డబ్బాలు వద్దు, వాటి జిగురు నాన్‌స్టిక్ మీద పేరుకుంటుంది. తీయడానికి స్టీలు చాకు కాదు, మన ఉదయగిరి చెక్క ఫోర్కు వాడండి.

పచ్చ లైటు చాలా మోడళ్లలో పలకల వేడినే చెబుతుంది, పిండి ఉడికిందని కాదు. చూడాల్సింది ఆవిరిని. అది బాగా తగ్గేదాకా, మామూలుగా నాలుగైదు నిమిషాలు, మూత ముట్టొద్దు. ఎత్తబోతే పట్టేసినట్టుంటే ఇంకో నిమిషం ఆగండి. లాగితే వాఫుల్ రెండు పొరలుగా చీలుతుంది. ఎండాకాలం సాయంత్రాలు కరెంటు 230 వోల్టుల నుంచి 180కి పడిందంటే 750 వాట్ల మేకర్ 460 వాట్ల దగ్గరే పనిచేస్తుంది. పిండి కాలదు, ఉడుకుతుంది. అప్పుడు వంట వేళ మార్చుకోవడమే మేలు.

డబ్బా మాటకొస్తే, వేడి వాఫుల్‌ను మూసిపెడితే దాని ఆవిరే దాన్ని మెత్తబరుస్తుంది. జాలీ మీద, లేదంటే బోర్లించిన జల్లెడ మీద, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా ఆరబెట్టాలి. కావలి, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అలా పెట్టినా త్వరగానే మెత్తబడతాయి. మళ్లీ వేడి మేకర్‌లో ఒకటి రెండు నిమిషాలు పెట్టి తీయండి.