వెల్లుల్లి ఒలిచే ముందు ఎండ చూపించండి

పోయిన వేసవిలో ఆవకాయ పెట్టిన రోజు రాత్రి పదింటికి వంటింట్లో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశాను. అమ్మ గిన్నెలో చన్నీళ్ళు పోసుకుని, అందులో వేళ్ళు ముంచుకుని కూర్చుని ఉంది. బొటనవేలి గోరు కింద ఎర్రగా కందిపోయి, చూపుడువేలి కొస పొరలు లేచినట్టు ఉంది. పొద్దున్నుంచి కిలోన్నర వెల్లుల్లి గోళ్ళతోనే ఒలిచింది మరి. "మంటగా ఉందా అమ్మా?" అంటే "ఏటా ఉండేదేలే, పొద్దుటికి తగ్గిపోతుంది" అంది.

ఏటా ఉండేదట. ఆ పచ్చడి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తింటున్నాను, ఈ మాట ఒక్కసారీ నా చెవిన పడలేదు.

ఇందుకే "వెల్లుల్లి ఒలవడం కూడా ఒక పనేనా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పచ్చి వెల్లుల్లి రసానికి చర్మాన్ని కాల్చే గుణం ఉంది. గంటల తరబడి ఒలిస్తే బొబ్బలు కూడా వస్తాయి. ఇంట్లో ఒక మనిషి వేళ్ళు కాలుతుంటే అది చిన్న పని ఎలా అవుతుంది?

వీడియోల్లో చూపించే పద్ధతి నేనూ చేసి చూశాను. రెండు స్టీలు గిన్నెలు బోర్లించి, మధ్యలో రెబ్బలు వేసి, గట్టిగా ఊపడం. బాగా ఎండిన పెద్ద రెబ్బలైతే నిజంగానే పొట్టు ఊడుతుంది. కానీ ఆవకాయ రోజుల్లో మన చేతికొచ్చే వెల్లుల్లి వేరు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ లాంటి చోట్ల పంట కోతకొచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. మనం పచ్చడి పెట్టేది ఏప్రిల్ ఆఖరున, మే నెలలో. అంటే అది కొత్త సరుకు, రెబ్బలో ఇంకా చెమ్మ ఉంటుంది, లోపలి పల్చటి పొర కండకు అతుక్కునే ఉంటుంది. అలాంటి దాన్ని చేతులు పడిపోయేలా ఊపినా సగం రెబ్బలు అలాగే ఉండిపోయాయి, ఇంకొన్ని నలిగి రసం కారాయి.

మరి ఏం చేయాలి? కందులకు నూనె పట్టించి ఎండబెట్టి పొట్టు వదిలించేవాళ్ళు కదా మన పెద్దవాళ్ళు, అదే పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది. గడ్డల్ని రెబ్బలుగా విడదీసి, కిలోకి రెండు చెంచాల నూనె రాసి, చేటలో పరిచి మంచి ఎండలో రెండు మూడు గంటలు ఉంచండి. పొట్టు పెళుసుగా మారి, రెబ్బ నుంచి విడిపడి గలగలమంటుంది. అప్పుడు ముతక తువ్వాల్లో పోసి, మూటలా పట్టుకుని, రెండు అరచేతులతో నలపండి. గట్టిగా అదమక్కర్లేదు, చపాతీ పిండి మీద వేసే బలంలో సగం చాలు. తర్వాత చేటలో పోసి చెరిగితే పొట్టంతా ఎగిరిపోతుంది. మిగిలిన మొండి రెబ్బలు ఏ పదో పాతికో ఉంటాయి, వాటిని చేత్తో తీసుకోవచ్చు. తర్వాత అరకిలోకి ఇలా చేశాను. అమ్మకు గంట పట్టే పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది, వేళ్ళకు మంట లేదు.

గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టడం ఇంకా సులువు, పొట్టు మెత్తబడి జారిపోతుంది. పులుసులోకి, కూరలోకి అయితే హాయిగా అలాగే చేయండి. ఆవకాయకు మాత్రం వద్దు. తడి తగిలిన పచ్చడి బూజు పడుతుంది, ఏడాది కష్టమంతా జాడీలోనే పోతుంది.

మైక్రోవేవ్‌లో పదిహేను సెకన్లు పెడితే కూడా పొట్టు వదులుతుంది. నాకది నచ్చలేదు. వెల్లుల్లిని దంచినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, దాన్ని పుట్టించే ఎంజైము వేడికి పనిచేయడం మానేస్తుంది. అలా వేడెక్కిన రెబ్బతో పచ్చికారం నూరితే ఉడికిన చప్పదనమే తప్ప వెల్లుల్లి రుచి రాదు.

రోజువారీ నాలుగు రెబ్బలకు ఇంత హడావిడి అక్కర్లేదు. అడుగున గట్టిగా ఉండే కొసను చాకుతో తీసేసి, గ్లాసు అడుగుతో ఒక్క నొక్కు నొక్కితే టప్ మని పగిలి పొట్టు విడిపోతుంది. ఎలాగూ దంచబోయేదే కదా.

ఇంకో మాట. చారు పోపులోకి, వెల్లుల్లి కారంలోకి, ఇడ్లీ కారప్పొడిలోకి అసలు ఎందుకు ఒలుస్తున్నారు? మా అమ్మమ్మ కచ్చాపచ్చాగా పొట్టుతోనే దంచి వేసేది. పోపులో ఆ పొట్టు కాస్త వేగినప్పుడు వచ్చే వాసన ఒలిచిన రెబ్బకు రాదు. పైన వదులుగా ఉండే పొరలు దులిపేస్తే చాలు. ఇప్పుడు ఏ కూరకైనా తెల్లగా మెరవాలని పట్టుబట్టడం వల్ల లేని పని నెత్తిన వేసుకుంటున్నాం.

ఒకేసారి ఒలిచి దాచుకునేవాళ్ళు దయచేసి నూనెలో వేసి గట్టు మీద మాత్రం ఉంచకండి. గాలి తగలని నూనెలో పచ్చి వెల్లుల్లి బయట నిలవుంటే బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది, రంగు, వాసన మారకుండానే. ఆవకాయ సంగతి వేరు, అందులో ఉప్పు, మామిడి పులుపు కాపాడతాయి. ఒలిచిన రెబ్బల్ని పొడిగా డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయండి, ఎక్కువుంటే ఫ్రీజర్‌లో పెట్టండి.

ఈ ఏడు పచ్చడికి రెండు కిలోల వెల్లుల్లి చెప్పాను. ముందు రోజు పొద్దున్నే డాబా మీద ఆరబోసేది నేను, తువ్వాల్లో నలిపేది మా తమ్ముడు. చేట మాత్రం అమ్మే పడతానంది, మాకు చెరగడం రాదని.