సెటిల్డ్ గారికి, బరంపురం నుంచి

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ సెటిల్డ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆనవాయితీ. కానీ ప్రస్తుతం కుశలమంతా తమరి వైపే ఉంది కాబట్టి ఆ మాట ఎగ్గొడుతున్నాను. కంగారు పడకండి, ఇది వేరే ఎగ్గొట్టడం.

నన్ను గుర్తుపట్టే ఉంటారు. నా క్రెడిట్ రిపోర్టులో, అంటే నా అప్పుల చిట్టాలో, పర్సనల్ లోను అనే గదిలో, 'సెటిల్డ్' అనే ఒక్క మాటగా 2021 మార్చి నుంచి కాపురం ఉంటున్నారు. అద్దె లేదు. ఖాళీ చెయ్యమంటే వినరు.

నాకు బొడొబజారు దగ్గర చిన్న ప్రెస్సు ఉంది. శుభలేఖలు వేస్తాం, తెలుగులోనూ ఒడియాలోనూ. పెళ్లి మాటల మధ్య బతుకుతున్నవాణ్ణి కాబట్టి తమరి పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. "అబ్బాయి సెటిల్ అయ్యాడా?" అని అడగని మేనత్త మా వీధిలో లేదు. ఉద్యోగం, ఇల్లు, పెళ్లాం, బండి, అన్నీ కలిపి ఒక్క మాటలో చెప్పాలంటే తమరి పేరే. పక్కింటి ఒడియా వాళ్లు కూడా సంబంధం చూసేటప్పుడు తమరినే వెతుకుతారు. అలాంటి తమరు నా రిపోర్టులోకి వచ్చి ఇంత పరువు తీస్తారని కలలో కూడా అనుకోలేదు.

2018 మొదట్లో ప్రెస్సు కోసం ఒక బ్యాంకులో నాలుగు లక్షల లోను తీసుకున్నాను. ఐదేళ్లకు, నెలకు తొమ్మిది వేల ఏడు వందల చిల్లర. రెండేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టాను. తర్వాత 2020 వచ్చింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి. జరిగినవాటికి శుభలేఖ వాట్సాప్‌లో వెళ్లింది. మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు కట్టక్కర్లేదని మారటోరియం ఇచ్చారు. ఆర్నెల్లు హాయిగా నిద్రపోయాను, వడ్డీ మాత్రం నిద్రపోలేదు. సెప్టెంబరులో లేచి చూసుకుంటే గల్లాపెట్టెలో చిల్లర తప్ప ఏమీ లేదు. మిషను అమ్మి షాపు మూసేశాను.

మూడు నెలలు గడిచాక ఫోన్లు మొదలయ్యాయి. 90 రోజులు దాటితే అది మొండి బకాయి అట. మొండితనం నాదా, కరోనాదా అని అడగబోయాను గానీ అవతలివాళ్లకు టైము లేదు. ఒక రోజు ఒక కుర్రాడు హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. మొత్తం మూడు లక్షల ఇరవై వేలుంది, లక్షా ఎనభై వేలు ఒకేసారి కట్టెయ్యండి, ఫైలు క్లోజ్ చేసేస్తాం అన్నాడు. క్లోజ్ అన్నాడు! నా చెవులారా విన్నాను. మా ఆవిడ గాజులు తాకట్టుపెట్టి కట్టేశాను. ఉత్తరం వచ్చింది. అందులో క్లోజ్ లేదు, తమరున్నారు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. చి.ల.సౌ.లో ఒక చుక్క పోతే పట్టుకునే ప్రూఫు రీడర్ని, నా బతుకు కాగితం మాత్రం ప్రూఫు చూసుకోలేదు. చూసినా ఏం అనుకునేవాణ్ణి? సెటిల్డ్ అని కనపడగానే ఇంట్లో పండగే. మా అమ్మ బుఢి ఠాకురాణి అమ్మవారి గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చింది. "మావాడు సెటిలయ్యాడు" అని వీధంతా చెప్పింది కూడా.

నిరుడు పెళ్లిళ్లు మళ్లీ ఊపందుకున్నాయి కదా అని ప్రెస్సు తెరిచి, డిజిటల్ మిషను కోసం ఇంకో బ్యాంకుకు వెళ్లాను. మేనేజరు ఒడియా ఆయన, మంచివాడు. సిబిల్ అనే చిట్టా కంపెనీ నుంచి నా రిపోర్టు తీశాడు. కాసేపు కంప్యూటరు చూశాడు, కాసేపు నన్ను చూశాడు. తర్వాత ఆ తెరను నా వైపు తిప్పి, పెన్ను చివరతో తమరిని చూపించాడు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుందట, నాది 628.

ఆ కాగితం ప్రింటు తీయించుకుని ప్రెస్సులో కూర్చుని చదివాను. కింద నెలకో గడి చొప్పున 36 గళ్లు, అచ్చం మేం వేసే క్యాలెండరులాగే ఉంది, రాహుకాలాలతో సహా. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో గడిలో వేస్తారు. నావి వరసగా సున్నాలు. సున్నా అంటే అక్కడ నూటికి నూరు మార్కులట. ముప్పై సున్నాలు లెక్కపెట్టాను, వేలు పెట్టి, రెండుసార్లు. తర్వాత ఆరు గళ్లు: 25, 56, 86, 117, 148, 176. ఆ పైన తమరు.

తమరి లోకంలో అన్నీ ఇలా తలకిందులే. సున్నా మంచిది. క్లోజ్డ్ అంటే మర్యాదస్థుడు, అణా పైసలతో సహా తీర్చినవాడు. సెటిల్డ్ అంటే కొంత కట్టి కొంత వదిలించుకున్నవాడు. మా భాషలో క్లోజ్ అయ్యేది షాపు, సెటిల్ అయ్యేది మనిషి. నా షాపు క్లోజయింది, లోను సెటిలయింది. రెండూ తారుమారై ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. తమరి అన్నగారు రైటాఫ్ ఇంకా ఘనుడు. ఆయన పేరు వింటే అప్పు మాఫీ అయిందని జనం సంబరపడతారు. బ్యాంకు తన పద్దులో కొట్టేసుకుంటుంది గానీ, తీసుకున్నవాడి నెత్తిన బాకీ అలాగే ఉంటుంది.

తగ్గించి కట్టమన్నది మీవాళ్లే కదండీ? ఆషాఢం సేల్లో మా ఆవిడ చీర కొంటుంది. సగం ధరకు ఇచ్చిన షాపువాడు కొంగు మీద "ఈమె పూర్తి డబ్బు ఇవ్వలేదు" అని నేయించడు. తమరు మాత్రం నేసేశారు, అదీ జరీతో. పైగా ఇలాంటి చిట్టాలు రాసే కంపెనీలు దేశంలో నాలుగున్నాయి, అప్పిచ్చినవాళ్లు నాలుగింటికీ చెప్పాలి. కనీసం ఏడేళ్లు ఆ వివరాలు దాచాలని నిబంధన. ఏలినాటి శని కూడా దాదాపు అంతే. అయితే శనీశ్వరుడికి నువ్వుల నూనె ఉంది. పోతూ పోతూ ఏదో మంచి చేసిపోతాడనే పేరూ ఉంది. ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి పులివేషం కట్టినవాడు కూడా ఇంటికెళ్లి రంగు కడుక్కుంటాడు.

ఇలా తగ్గించి కట్టి రాజీ పడ్డవాళ్లకు మళ్లీ కొత్త అప్పు ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. వ్యవసాయ రుణాలకు ఆ లెక్క వేరు. దీన్ని నేను అర్థం చేసుకోగలను. మనిషి పోతే ఏడాది ఇంట్లో శుభకార్యం చెయ్యం, అప్పు పోయినా అంతే అనుకుంటాను. కానీ ఏటిసూతకం తీరాక కూడా తమరు గుమ్మంలోనే కూర్చుంటే ఎలా?

తమరిని సాగనంపే దారి కనుక్కున్నాను. మేనేజరే చెప్పాడు. అప్పుడు తగ్గించిన లక్షా నలభై వేలు ఇప్పుడు కడతానని పాత బ్యాంకును అడగాలి. వాళ్లు ఒప్పుకుంటే, కట్టి, బాకీ లేదని సర్టిఫికెట్ తీసుకుని, తమరి స్థానంలో క్లోజ్డ్ అని పంపించమనాలి. బ్యాంకు చెప్పనిదే ఆ చిట్టా కంపెనీ తనంతట తాను అక్షరం మార్చదు. ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే రోజుకు వంద రూపాయలు పరిహారం కూడా ఉందట. ఆశగా విన్నాను. కానీ రికార్డులో తప్పు ఉంటే కదా ఫిర్యాదు నిలిచేది, తమరు తప్పు కాదు, పచ్చి నిజం. ఇంత చేసినా ఆ ఆరు గళ్లు అక్కడే ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఊరంతా మద్రాసు నుంచి ఒడిశాలోకి ఒక్క రోజులో మారిపోయింది. నాకు ఒక్క మాట మార్చుకోవడానికి లక్షా నలభై వేలు!

అన్నట్టు, తమరివల్ల ఒక మేలు కూడా జరిగింది, దాచడం దేనికి. మా బావమరిది కారు లోనుకు జామీను సంతకం పెట్టమని వచ్చాడు. కాదంటే ఇంట్లో యుద్ధం, పెడితే నాకు నిద్రుండదు. రిపోర్టు చూసి బ్యాంకువాళ్లే నా సంతకం వద్దన్నారు. మీ పేరు చెప్పుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

గాజులు ఇంకా విడిపించలేదు. ముందు గాజులా, తమరా అని మా ఆవిడను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

ఇట్లు,
తమరి ఇంటి ఓనరు

తా.క.: నిన్న ఇచ్ఛాపురం నుంచి ఒకాయన కూతురి శుభలేఖకు వచ్చారు. "అల్లుడు బాగా సెటిల్డ్ అండీ" అన్నారు. నోరు ఊరుకోక "రిపోర్టు చూశారా?" అని అడిగాను. ఆయన జాతకం అనుకున్నారు. "ఎందుకు చూడమండీ, 36కి 28 కలిశాయి" అన్నారు గర్వంగా. నాకైతే 30 కలిశాయండీ, అయినా సంబంధం కుదర్లేదు అన్నాను. ఆయన పాపం నా వంక జాలిగా చూసి, అడ్వాన్సు ఐదు వందలు ఎక్కువే ఇచ్చి వెళ్లారు.